సన్నిపాతం – సంధి: ఒక ప్రాణాంతక వైద్యపదపు అర్థపరిణామం

పూర్వగ్రంథాలలోని ‘సన్నిపాత జ్వరం’ అనే మాటకు ‘టైఫాయిడ్’ అని అర్థం చెప్పడం నేడు పరిపాటి. ఈ సమీకరణం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘సం’, ‘ని’ ఉపసర్గలు చేరిన ‘పత్’ ధాతువు నుంచి ఏర్పడిన ఈ పదానికి ‘ఒకచోట కూడడం’ అని మూలార్థం. వ్యాకరణశాస్త్రంలోనూ ఇది సంబంధార్థంలో పరిభాషగా ఉంది. వైద్యంలో వాత, పిత్త, కఫాలు మూడూ ఏకకాలంలో ప్రకోపించిన స్థితి సన్నిపాతం. చరకసంహిత చికిత్సాస్థానం సన్నిపాత జ్వరాలను 13గా విభజించింది: ఒక దోషం ప్రబలమైనవి 3, రెండు ప్రబలమైనవి 3, హీన మధ్యాధిక తారతమ్యం గలవి 6, మూడూ సమంగా ప్రబలినది 1. ఈ జ్వరం చివర చెవి మొదట వాపు పుడితే బతికేవారు అరుదని కూడా చెప్పింది. కాబట్టి ఈ పదం ఒక నిర్దిష్ట వ్యాధికి పేరు కాదు; రోగి చేరుకున్న ప్రమాదస్థితికి పేరు.

తరువాతి గ్రంథాలు ఈ 13కు సంధిక, అంతక, చిత్తవిభ్రమ, ప్రలాపక, అభిన్యాస మొదలైన పేర్లు పెట్టాయి. తెలుగులో ‘సంధి పుట్టింది’, ‘సంధి ప్రేలాపన’ అనే వాడుకలకు ‘సంధిక’మే మూలమని తోచవచ్చు. కానీ సంధికానికి ప్రధాన లక్షణం కీళ్లనొప్పి. పలవరింత ప్రలాపక లక్షణం. తమిళంలో ‘జన్ని’, సింహళంలో ‘సన్ని’, తెలుగులోనే ‘సన్ని’ అనే రూపాలు ఉండడాన్ని బట్టి, సన్నిపాతం ‘సన్ని’గా కుదించుకుపోయి, లోకనిరుక్తి వల్ల పరిచితమైన ‘సంధి’గా మారిందనడం ఎక్కువ యుక్తమని నా అభిప్రాయం. ఈ క్రమంలో మొత్తం స్థితిని చెప్పే పదం అందులోని ఒక్క లక్షణానికి పరిమితమైంది. మరణం అంచున ఉన్న రోగి పలవరింత చివరికి అసంబద్ధపు మాటలను ఎద్దేవా చేసే నుడికారంగా మిగిలింది.

టైఫాయిడ్ సంగతి వేరు. 1880లో ఎబెర్త్ దాని సూక్ష్మజీవిని గుర్తించిన తరువాత అది కారణాన్ని బట్టి నిర్ణయించే వ్యాధి అయింది. సన్నిపాతం లక్షణాలను, దోషస్థితిని బట్టి నిర్ణయించేది. తీవ్రమైన టైఫాయిడ్‌లో మగత, పలవరింత కనిపించడమే ఈ రెండింటినీ కలిపింది. అయితే విషమించిన మలేరియాలోనూ, మెదడువాపులోనూ ఆ లక్షణాలే కనిపిస్తాయి.

అందువల్ల ఒక పూర్వకవి సన్నిపాతంతో మరణించాడని చదివి, ఆయన టైఫాయిడ్‌తో పోయాడని రాస్తే ఆధారం లేని చరిత్రను సృష్టించినట్లే. ఆ మాట మనకు మరణకారణాన్ని చెప్పడం లేదు. వైద్యుడు ఆశ వదులుకోవలసివచ్చిన ఘట్టాన్ని మాత్రమే చెబుతోంది. నిఘంటుకర్తలూ పరిష్కర్తలూ ఈ భేదాన్ని పాటించడం అవసరం.