రేవు మారిన ద్వీపం: ఘారాపురి చరిత్రలో పడవదారి

ఉపోద్ఘాతం:

ముంబయిలోని గేట్‌వే ఆఫ్ ఇండియా వద్ద లాంచీ ఎక్కిన యాత్రికుడు సుమారు గంటసేపటికి ఘారాపురి ద్వీపపు ఉత్తర తీరాన దిగుతాడు. దూరం సుమారు పదకొండు కిలోమీటర్లు. ఎలిఫెంటా అన్న పేరుతో లోకానికి పరిచితమైన ఈ ద్వీపంలోని శైవ గుహాలయాలపై 1871లో జేమ్స్ బర్జెస్ రాసిన గ్రంథం మొదలుకొని హీరానంద శాస్త్రి, స్టెల్లా క్రామ్‌రిష్, చార్లెస్ కాలిన్స్ వంటి పండితుల రచనల వరకు విస్తారమైన సాహిత్యం వెలువడింది. దానిలో అధికభాగం శిల్పాలను గురించినదే. ఆ శిల్పాల దగ్గరకు చేరే మార్గం గురించిన చర్చ అందులో పాదసూచికల స్థాయిని దాటలేదు. కానీ ఈ ద్వీపాన్ని గురించి రాసిన ప్రతి పరిశీలకుడూ పడవ మీద వచ్చినవాడే. అతడు ఏ రేవున దిగాడన్న దానిపైనే అతడు ముందుగా ఏది చూశాడు, దేనికి ఏ పేరు పెట్టాడు, దేనిని చూడకుండానే వెనుదిరిగాడు అన్నవి ఆధారపడ్డాయి. ఆ కోణం నుండి ఘారాపురి చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పురి అన్న పేరు:

ద్వీపానికి ఏనుగు పేరు రాకముందు ‘పురి’ అన్న పేరు ఉండేది. 16వ శతాబ్దిలో ఇక్కడికి వచ్చిన గార్సియా ద ఓర్తా వంటి పోర్చుగీసు రచయితలు సైతం దీనిని ‘పోరి’ అనే నమోదు చేశారు. ఇక్కడ ఐహోళె శాసనం ప్రస్తావన తప్పనిసరి. క్రీ.శ. 634 నాటి ఈ శాసనంలో రవికీర్తి, రెండవ పులకేశి కొంకణ మౌర్యులను జయించి, మదపుటేనుగుల ఆకారం గల వందలాది నౌకలతో పశ్చిమ సముద్రపు లక్ష్మి వంటి పురిని ముట్టడించాడని వర్ణించాడు. ఆ పురి ఘారాపురియేనని కొందరు, జంజీరా సమీపంలోని రాజపురి అని మరికొందరు వాదించారు. వివాదం తెగలేదు. అయితే పురి ఏదైనప్పటికీ, ఆనాటి కొంకణంలో రాజ్యాధికారం ఒక రేవును పట్టుకొని నిలిచిందనీ, దానిని గెలవడానికి నౌకాబలం అవసరమైందనీ శాసనం స్పష్టం చేస్తున్నది. ఈ పులకేశి తమ్ముడైన కుబ్జ విష్ణువర్ధనుడే తూర్పు తీరాన వేంగీ చాళుక్య రాజ్యానికి మూలపురుషుడు కావడం వల్ల, తెలుగునాట ఐహోళె శాసనాన్ని వేంగి వైపు నుండి చదవడమే అలవాటైంది. దానిలోని పడమటి సముద్రపు పార్శ్వం మన పాఠ్యగ్రంథాలలో దాదాపు కనిపించదు.

గుహల కాలనిర్ణయం కూడా ఈ రాజకీయ నేపథ్యంతో ముడిపడినదే. ద్వీపంలో లభించిన కలచూరి కృష్ణరాజు నాణేల ఆధారంగా, ప్రధాన గుహ 6వ శతాబ్ది మధ్యభాగంలో పాశుపత శైవాభిమానులైన కలచూరుల పోషణలో రూపొందిందని వాల్టర్ స్పింక్ ప్రతిపాదించాడు. నేడు అధికుల ఆమోదం పొందిన అభిప్రాయం ఇదే. నిర్మాతను నేరుగా చెప్పే శాసనం లేదు. లేదనడం కంటే పోయిందనడం సమంజసం. గుహద్వారం పైన చక్కని పెద్ద అక్షరాలతో చెక్కిన ఒక శిలాఫలకం ఉండేదనీ, దానిని చదవగలవారు ఎవరూ దొరకకపోవడంతో తీసి పోర్చుగల్ రాజు మూడవ జోవావుకు పంపించారనీ దియోగు దు కూతు రాశాడు. ఆ తరువాత దాని జాడ తెలియలేదు. చదవలేని శాసనాన్ని ఉన్నచోటనే ఉంచక ఓడకెక్కించడం వల్ల ఈ దేశపు చరిత్రరచనకు కలిగిన నష్టం చిన్నది కాదు. గుహ ఎవరిదన్న ప్రశ్నపై జరిగిన చర్చలో చాలాభాగం ఆ ఒక్క రాయి లేకపోవడం వల్ల పుట్టినదే.

దక్షిణపు రేవు, రాతి ఏనుగు:

1534లో గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా వసయీ పరిసరాలను పోర్చుగీసువారికి అప్పగించడంతో ద్వీపం వారి వశమైంది. ఆనాటి పడవలు ద్వీపపు దక్షిణ భాగాన ఆగేవి. రేవుకు కొద్ది దూరంలో నల్లరాతి ఏనుగు ఒకటి నిలిచి ఉండేది. దిగినవారి కంట ముందుగా పడినది అదే. దానిని బట్టే పోర్చుగీసువారు ఈ ద్వీపాన్ని ఏనుగు ద్వీపమన్నారు. గుహలోని సదాశివమూర్తి పేర కాక, రేవు పక్కన ఉన్న ఒక గుర్తు పేర ద్వీపాన్ని పిలవడం నావికుల దృష్టిని తెలుపుతున్నది. నావికునికి కావలసినది తీరాన్ని పోల్చుకునే ఆనవాలు. 18వ శతాబ్ది తొలినాళ్ళ యాత్రికులు ఏనుగుతోపాటు ఒక రాతి గుర్రాన్ని కూడా చూసినట్లు రాశారు. అది ఆ తరువాత కనుమరుగైంది.

ఏనుగు గతి మరింత విచిత్రమైనది. 1814లో దాని తల, మెడ కూలిపోయాయి. 1864లో దానిని ఇంగ్లండుకు తరలించే ఉద్దేశంతో పైకెత్తుతుండగా క్రేను గొలుసు తెగి, విగ్రహం ముక్కలైంది. ఆ ముక్కలను బొంబాయిలోని విక్టోరియా తోటకు చేర్చగా, 1914లో వాటిని తిరిగి అతికించి నిలబెట్టారు. నేడది బైకుల్లాలోని డాక్టర్ భావు దాజీ లాడ్ మ్యూజియం ఆవరణలో ఉంది. ఏ విగ్రహం వల్ల ద్వీపానికి పేరు వచ్చిందో ఆ విగ్రహం ద్వీపంలో లేదు. పేరు మాత్రం అక్కడే నిలిచిపోయింది.

శిల్పాల విధ్వంసం విషయంలో పోర్చుగీసు సైనికుల తుపాకి గురి అభ్యాసమే ఏకైక కారణమన్న మాట మార్గదర్శక పుస్తకాలలో తరచుగా వినిపిస్తుంది. సైనికుల పాత్రను కాదనలేము. కానీ గుహలో నిలిచిన వాననీరు, ఉప్పుగాలి, పగుళ్ళు, కూలిన స్తంభాలు కూడా ఈ నష్టంలో భాగస్వాములే. ఒక్క కారణంతో కథ ముగించడం చెప్పేవారికి సులువే కాని, పరిరక్షణ ఆలోచనకు మేలు చేయదు.

ఉత్తరపు జెట్టీ, గుహ రెండు అక్షాలు:

18వ శతాబ్ది చివరి పాదంలో ద్వీపం ఆంగ్లేయుల అధీనంలోకి వచ్చింది. అంతకు కొంత ముందే, 1764 ప్రాంతంలో, డెన్మార్క్ యాత్రాబృందంలో బతికి బయటపడిన ఏకైక సభ్యుడు కార్‌స్టెన్ నీబూర్ ఇక్కడికి వచ్చి గుహను కొలిచి, శిల్పాలను చిత్రించి, ఐరోపా పాఠకులకు పరిచయం చేశాడు. బొంబాయి నగరం పెరుగుతున్న కొద్దీ గుహ దర్శనం నగరవాసులకు విహారంగా మారింది. 1875లో వేల్స్ యువరాజు గౌరవార్థం ప్రధాన గుహలోనే విందు జరిగిందంటే, ఆరాధనాస్థలం ఎంతగా వినోదస్థలమైందో గ్రహించవచ్చు. ఈ క్రమంలోనే బొంబాయి నుండి వచ్చే పడవలకు అనువైన ఉత్తర తీరం ప్రధానమైన రేవు అయింది. గుహకు మెట్లదారి కూడా అటువైపే ఏర్పడింది.

ఈ మార్పు ప్రధాన గుహ అవగాహనను ఎంతగా ప్రభావితం చేసిందో గమనించడం అవసరం. ఈ గుహకు ఉత్తరం, తూర్పు, పడమర మూడు వైపులా వెలుగు వస్తుంది. ఉత్తరద్వారం నుండి ప్రవేశించినవారికి ఎదురుగా, దక్షిణపు గోడలో, దాదాపు 6 మీటర్ల ఎత్తయిన సదాశివమూర్తి చీకటిలోంచి మెల్లగా రూపుకడుతుంది. దానికి ఒకవైపు అర్ధనారీశ్వరుడు, మరొకవైపు గంగాధరుడు ఉంటారు. నాలుగు ద్వారాలు, ద్వారపాలకులు గల లింగాలయం కుడిచేతి వైపున, పక్కకు ఉన్నట్లు కనిపిస్తుంది. అదే తూర్పుద్వారం నుండి అడుగుపెడితే దృశ్యం పూర్తిగా మారుతుంది. అప్పుడు స్తంభాల వరుసల చివర, చూపుకు సూటిగా లింగాలయమే నిలుస్తుంది. సదాశివుడు ఎడమవైపు గోడలోకి తప్పుకుంటాడు. గుహలో ఒకదానినొకటి ఖండించే రెండు అక్షాలు ఉన్నాయని పండితులు చాలాకాలంగా గుర్తించారు. మొదట భక్తులు తూర్పు నుండే ప్రవేశించేవారన్న వాదనకు కూడా బలమున్నది.

అదే నిజమైతే, నేటి లాంచీ యాత్రికుడు చూస్తున్న గుహ వేరు, నిర్మాతలు ఉద్దేశించిన గుహ వేరు. నిత్యార్చన జరిగిన లింగం కేంద్రంగా ఉన్న ఆలయం, రేవు మారడంతో ఒక మహాశిల్పం కేంద్రంగా ఉన్న ప్రదర్శనశాల అయింది. తొలి ఐరోపా యాత్రికులు ఆ శిల్పాన్ని బ్రహ్మవిష్ణుమహేశ్వరుల త్రిమూర్తిగా పొరబడటం, ఆ పేరే ఇప్పటికీ వాడుకలో ఉండటం ఈ వీక్షకదృష్టికి మరో ఫలితం. శైవాగమ సంప్రదాయం తెలిసినవారికి అక్కడ కనిపించేది అఘోర, తత్పురుష, వామదేవ ముఖాలతో వెలసిన ఒకే శివుడు.

గుహ వెనుక ఊరు:

పడవదారి మరుగుపరచినది లింగాలయాన్ని మాత్రమే కాదు. ద్వీపంలో రాజ్ బందర్, శేత్ బందర్, మోరా బందర్ అనే మూడు పల్లెలు ఉన్నాయి. మూడింటి పేర్లలోనూ ‘బందర్’ ఉండటం గమనార్హం. తెలుగువారికి మచిలీబందరు ద్వారా చిరపరిచితమైన మాటే ఇది. తీరప్రాంత అన్వేషణలో రోమన్ ఆంఫోరాల పెంకులు, క్షత్రప నాణేలు లభించాయి. తూర్పు కొండపై ఇటుక స్తూపపు శిథిలం ఉంది. శైవగుహలు తొలవడానికి శతాబ్దాల ముందే ఇది సముద్రవర్తకంతో, బౌద్ధంతో సంబంధం గల రేవుపట్టణమని ఈ ఆధారాలు చెబుతున్నాయి. గుహలు ఏకాంత తపోభూమిలో వెలసినవి కావు. నౌకలు, వర్తకులు, కూలీలు మెలగిన చోట వెలసినవి. నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళే తెలుగు యాత్రికునికి జలాశయం ఒక లోయను ద్వీపంగా మార్చిందన్న స్పృహ ఉంటుంది. ఘారాపురిలో జరిగింది దీనికి విలోమం. నీరు మారలేదు, చుట్టూ ఉన్న వర్తకం తరలిపోయి ఊరు వెనుకబడింది.

1987లో ఎలిఫెంటా గుహలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. పల్లెలకు పూర్తిస్థాయి విద్యుత్తు సముద్రగర్భపు కేబుల్ ద్వారా 2018 ఫిబ్రవరిలో గాని అందలేదు. అంతవరకు సాయంత్రం కొద్ది గంటలు జనరేటరు వెలుగే వారికి ఆధారం. ఈ రెండు సంవత్సరాల మధ్య ఉన్న మూడు దశాబ్దాల వ్యవధి, వారసత్వమన్న భావనలో మనుషులకు దక్కిన స్థానాన్ని సూచిస్తున్నది. పరిపాలనాపరంగా ద్వీపం రాయగఢ్ జిల్లా ఉరణ్ తాలూకాలోనిది. యాత్రికులు మాత్రం ముంబయి నుండి వస్తారు, దానిని ముంబయి దర్శనీయస్థలంగానే భావిస్తారు, రాత్రి బసకు అనుమతి లేనందున చీకటిపడేలోగా మరలిపోతారు. గ్రామస్థులకు జీవనాధారం జెట్టీ నుండి గుహ వరకు ఉన్న మెట్లకు ఇరువైపులా పెట్టుకున్న దుకాణాలే. సోమవారం గుహలు మూసి ఉంటాయి గనుక ఆనాడు వ్యాపారం కూడా ఉండదు.

స్తూపాన్ని చేరాలంటే గుహల దారిని వదిలి తూర్పు కొండకు కాలిబాటన ఎక్కాలి. తిరుగు లాంచీ వేళను లెక్కచూసుకొని దిగివచ్చే యాత్రికులలో ఆ బాట పట్టేవారు చాలా తక్కువ.