మలాయె చుట్టూ ఊరు

సమోవాలో పల్లెను ‘నూఉ’ అంటారు. ఊరి నడుమ ‘మలాయె’ అనే ఖాళీ మైదానం, దాని చుట్టూ ‘ఫాలె’ ఇళ్లు. వాటికి స్తంభాలే తప్ప గోడలుండవు; వాన కొడితే కొబ్బరాకు తడికలు దించుతారు. పూర్వం ఒక్క మేకూ లేకుండా, కొబ్బరి పీచుతో పేనిన ‘అఫా’ తాడుతోనే దూలాలు బిగించేవారు.

ఎవరి స్థాయి ఏమిటో సభా గృహంలో స్తంభాలే చెబుతాయి. ‘ఫోనో’ అనే గ్రామసభలో కుటుంబ పెద్దలైన ‘మతాయి’లు తమతమ బిరుదుకు తగిన స్తంభానికి ఆనుకుని కూర్చుంటారు. ఆ బిరుదు తండ్రి తర్వాత కొడుక్కి దానంతటదే రాదు. ‘ఐగా’, అంటే బంధుకోటి అంతా, కూడి ఎంచుకుంటుంది. సభకు ముందు ‘ఆవా’ పానీయం పంచుతారు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది చిన్న విషయమేమీ కాదు. బిరుదు లేని మగవాళ్ల బృందం ‘ఔమాగా’ సాగూ వంటా చూస్తుంది. ‘ఔఆలుమా’ ఆ ఊరి ఆడపడుచుల బృందం. కోడళ్ల లెక్క వేరు.

1830లో మిషనరీ జాన్ విలియమ్స్ సవాయి ద్వీపంలోని సపపాలీఈ చేరాడు. అక్కడి అధిపతి మాలియెటోవా వైనూఉపో ఆయన్ని ఆదరించాడు. క్రమంగా ఊరూరా చర్చి వెలిసింది, సంధ్యవేళ ‘సా’ అనే ప్రార్థన నియమం కుదిరింది. పాత కట్టుబాటు మాత్రం చెదరలేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా పార్లమెంటులో దాదాపు అన్ని స్థానాలకూ ఓటు మతాయిలదే. 1990లో ప్రజాభిప్రాయ సేకరణతో 21 ఏళ్లు నిండినవారందరికీ ఆ హక్కు దక్కింది. అదే ఏడాది మరో చట్టం ఫోనో అధికారాలను గుర్తించింది.