కరువు కట్టించిన వేధశాల

కొడైకెనాల్ వెళ్లొచ్చిన మనవాళ్లను అక్కడ ఏం చూశారని అడగండి. సరస్సు, పడవ షికారు, కోకర్స్ వాక్, పిల్లర్ రాక్స్, ఇంట్లో చేసిన చాక్లెట్లు అని గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఊరికంతటికీ ఎత్తయిన గుట్ట మీద గుమ్మటాలతో నిలబడ్డ సౌర వేధశాల పేరెత్తేవాళ్లు పదిమందిలో ఒకరుంటే గొప్ప. 1899 ఏప్రిల్ 1న మొదలైన ఆ సంస్థకు 2024తో 125 ఏళ్లు నిండాయి. దాని చరిత్ర చెప్పాలంటే ఊరి చరిత్ర చెప్పక తప్పదు. ఊరి చరిత్ర చెప్పాలంటే కింద, మైదానంలో చనిపోయినవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

పడమటి కనుమల నుంచి తూర్పు వైపు చీలివచ్చిన పాయ పళని కొండలు. ఉత్తరాన వాటి పాదాల దగ్గర దండాయుధపాణి కొలువైన పళని, దక్షిణాన వైగై లోయ. కింది కొండల్లో కాఫీ, అరటి, మిరియం పండుతాయి. వాటిపైన మరో మెట్టుగా విశాలమైన పీఠభూమి ఉంది. దాని దక్షిణపు అంచున, సుమారు 2,100 మీటర్ల ఎత్తున కొడైకెనాల్ వెలిసింది. అంచు దాటగానే నేల ఒక్కసారిగా కిందికి పడిపోతుంది కాబట్టే కోకర్స్ వాక్ మీద నిలబడితే మైదానం కాళ్ల కింద కనిపిస్తుంది. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరి వచ్చేసరికి మబ్బు విడిపోతుంది. మైదానపు దుమ్ము ఇంత పైకి రాదు. ఈ రెండు సంగతులూ తర్వాత ఖగోళ శాస్త్రవేత్తలకు బాగా అక్కరకొచ్చాయి.

కొడైకెనాల్‌ను ఇంగ్లీషువాళ్లు కనిపెట్టారని టూరిస్టు పుస్తకాలు రాస్తాయి. పళియర్లు, పులియర్లు ఈ అడవుల్లో ఎప్పటినుంచో ఉన్నారు. పూంబారై, విల్పట్టి లాంటి ఊళ్లలో కొండవాలు చెక్కి మెట్టు పొలాలు చేసుకున్న రైతులున్నారు. 1821లో లెఫ్టినెంట్ వార్డ్ సర్వే గొలుసులతో వచ్చి చేసింది ఈ కొండల్ని కంపెనీ పటంలోకి ఎక్కించడమే. 1834లో మధురై సబ్ కలెక్టరు రాటన్, మద్రాసు రెవెన్యూ బోర్డు సభ్యుడు కాటన్ కలిసి కొండెక్కి, షెంబగనూరు దగ్గర ఒక చిన్న బంగళా వేయించారు.

ఊరికి అసలు పునాది వేసింది మాత్రం జ్వరం. మధురైలో పనిచేస్తున్న అమెరికన్ మిషనరీలు, వాళ్ల పిల్లలు కలరాతో, విషజ్వరాలతో పోతుండేవారు. చల్లటి చోటు కోసం ముందు సిరుమలై కొండలెక్కారు. అక్కడా మలేరియా వదల్లేదు. చివరికి 1845లో కొడైలో రెండు ఇళ్లు కట్టుకున్నారు, సన్నీసైడ్, షెల్టన్ అని. 1901లో వాళ్ల పిల్లల కోసం పెట్టిన బడే ఈనాటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలు.

ఆ రెండు ఇళ్లు కట్టేనాటికి సరస్సు లేదు. గుట్టల నడుమ ఒక వాగు, దాని చుట్టూ చిత్తడి నేల, అంతే. మధురై కలెక్టరుగా చేసిన సర్ వియర్ హెన్రీ లెవింజ్ 1863లో సొంత డబ్బుతో ఆ వాగుకు అడ్డంగా కట్ట వేయించాడు. గుట్టల మధ్య సందుల్లోకల్లా నీళ్లు ఎగదన్నడంతో సరస్సుకు నక్షత్రం ఆకారం వచ్చింది. విస్తీర్ణం సుమారు 60 ఎకరాలు, చుట్టూ 5 కిలోమీటర్ల బాట. మొదటి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించిందీ, నీళ్లలో చేపలు వదిలించిందీ ఆయనే. సరస్సు నిండి పొర్లిన నీరే కింద ఘాట్ రోడ్డు పక్కన సిల్వర్ కాస్కేడ్ జలపాతమై దూకుతుంది. ప్రకృతి వరం అని అందరూ ఫొటోలు తీసుకునేది నిజానికి కట్ట కట్టిన చెరువు. పాకాల, రామప్ప చూసిన మనకు ఇందులో వింతేమీ ఉండకూడదు.

ఇక వేధశాల. దాని పుట్టుక నేరుగా మన జిల్లాలతో ముడిపడిన కథ. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం కావడంతో మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. మద్రాసు రాజధాని మొత్తం మీద చనిపోయినవాళ్లను లక్షల్లో లెక్కపెట్టాలి. ఒకపక్క ధాన్యం రేవుల్లో ఓడలెక్కుతూనే ఉంది. ఇంకోపక్క కరువు పనులకొచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో నార్మన్ లాకియర్, విలియం హంటర్ మద్రాసు వర్షపాతం లెక్కలు ముందేసుకుని, సూర్యుడి మచ్చలు తగ్గిన ఏళ్లలోనే వానలు తగ్గుతున్నాయని 1877లో వ్యాసం రాశారు. మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి కాబట్టి కరువును ముందే పసిగట్టవచ్చని వాళ్ల ఆశ. ఆకలి చావులకు కారణం ఆకాశంలో దొరికితే పాలకులకు అంతకన్నా కావలసిందేముంది? ఈ మాట కొంచెం కటువుగా ఉండవచ్చు గానీ, శాస్త్రం మీద సర్కారుకు హఠాత్తుగా పుట్టిన ప్రేమలో ఈ పాలు లేదనలేం.

ఏమైతేనేం, సూర్యుణ్ణి క్రమం తప్పకుండా గమనించాలన్న మాట నిలబడింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ 1882లో కొండ మీద పెద్ద దూరదర్శిని కావాలని అడిగాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న చార్లెస్ మిచీ స్మిత్ నీలగిరుల్నీ, పళని కొండల్నీ పోల్చి చూసి కొడై వైపు మొగ్గాడు. 1893లో లార్డ్ కెల్విన్ అధ్యక్షతన జరిగిన సమావేశం సరేనంది. 1895లో గవర్నరు వెన్లాక్ శంకుస్థాపన చేశాడు. మిచీ స్మితే తొలి అధిపతి. అప్పటికి కొడైకి మోటారు రోడ్డు లేదు. అమ్మయనాయకనూరు స్టేషనులో రైలు దిగి, రాత్రంతా ఎద్దుబండిలో కొండ మొదటికి చేరి, అక్కణ్ణుంచి అడుగుతోవన ఎక్కాలి. నడవలేని దొరసానుల్నీ, పిల్లల్నీ కూలీలు డోలీల్లో మోసేవారు. వేధశాల గాజు కటకాలు, ఇనుప స్తంభాలు, గడియారాలు అన్నీ ఆ తోవన పైకి రావలసిందే. పేరున్న శాస్త్రవేత్తలందరి చిత్రపటాలూ దొరుకుతాయి గానీ, ఆ మోసినవాళ్లలో ఒక్కరి పేరూ ఎక్కడా కనిపించదు.

1907లో వచ్చిన జాన్ ఎవర్‌షెడ్ ఈ కొండకు ప్రపంచపటంలో చోటిచ్చాడు. సూర్యుడి మచ్చకు నడిమి నల్లటి భాగం, దాని చుట్టూ కాస్త లేతగా ఉండే అంచు ఉంటాయి. 1909 జనవరిలో ఒక మచ్చ వర్ణపటాన్ని పరిశీలిస్తుండగా ఆ అంచు దగ్గర గీతలు పక్కకు జరిగి కనిపించాయి. వాయువు కదులుతోందన్నమాట. సుడిగుండంలా తిరుగుతూ ఉంటుందని అప్పట్లో చాలామంది అనుకునేవారు. అలా కాదు, మచ్చ నుంచి బయటికి, ఉపరితలం వెంబడి పారుతోందని ఎవర్‌షెడ్ తేల్చాడు. ఈ రోజుకీ పాఠ్యపుస్తకాల్లో అది ఎవర్‌షెడ్ ప్రభావమే. ఆయన భార్య మేరీ కూడా ఖగోళ శాస్త్రవేత్తే. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల మీద ఇద్దరూ కలిసి పనిచేశారు. డాంటే కవిత్వంలోని ఖగోళ విజ్ఞానం మీద ఆమె ఒక పుస్తకమే రాసింది. వేధశాల జీతాల పట్టీలో ఆమె పేరు లేకపోయినా చరిత్రలో ఆమె వాటా చిన్నది కాదు.

1937లో ఈ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా వచ్చింది తెలుగువాడు, ఎ.ఎల్. నారాయణగా ప్రసిద్ధులైన అప్పాద్వేదుల లక్ష్మీనారాయణ. విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, ఉన్న కొద్దిపాటి పరికరాలతోనే లోహపు ఆవిరుల వర్ణపటాల మీద పరిశోధన సాగించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట శాస్త్రానికి పేరు తెచ్చిన కె. రంగధామరావు తొలి రోజుల్లో ఆయనతో కలిసి పనిచేసినవారే. యుద్ధకాలమంతా వేధశాలను నడిపించి 1946లో నారాయణగారు బాధ్యత దించుకున్నారు. తర్వాత వచ్చిన ఎ.కె. దాస్ హయాంలో సొరంగ దూరదర్శిని ఏర్పడింది. బురుజు మీది అద్దాలు సూర్యకాంతిని కిందికి, అక్కణ్ణుంచి 60 మీటర్ల సొరంగంలోకి మళ్లిస్తాయి. 1960లో పగ్గాలు అందుకున్న వేణు బప్పు హైదరాబాదులో పెరిగిన కుర్రాడు. తండ్రి బేగంపేట నిజామియా వేధశాల ఉద్యోగి, చదువు నిజాం కళాశాలలో. రాత్రి ఆకాశం కోసం ఆయన కావలూరులో కొత్త వేధశాల పెట్టారు. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్రంగా ఏర్పడింది, కొన్నేళ్లకు దాని కేంద్రం బెంగళూరుకు తరలింది. కొడై ఒక శాఖగా మిగిలింది.

వానల లెక్క ఏమైంది? తేలలేదు. మచ్చల్ని చూసి రుతుపవనాన్ని చెప్పే సూత్రం ఏదీ నిలబడలేదు. తమాషా ఏమిటంటే, కొడై వేధశాల అప్పట్లో వాతావరణ శాఖ కింద ఉండేది. ఆ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్‌కు మన వానల ఆచూకీ సూర్యుడిలో కాదు, పసిఫిక్ మహాసముద్రం మీది గాలి పీడనంలో దొరికింది. ఇప్పుడు ఎల్ నినో అంటూ మనం రోజూ వినేది ఆ దారి వెంటే వచ్చింది. అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు గానీ, మబ్బు లేని ప్రతి ఉదయం సూర్యుణ్ణి ఫొటో తీసే అలవాటు మిగిలింది. తెల్లని కాంతిలో 1904 నుంచి, హైడ్రోజన్ కాంతిలో 1912 నుంచి. యుద్ధాలు వచ్చాయి, ప్రభుత్వాలు మారాయి, అలవాటు మారలేదు. ఒకేచోట ఇంతకాలం సాగిన సౌర చిత్రాల వరుస ప్రపంచంలో చాలా అరుదు. సూర్యుడి గత ప్రవర్తన తెలుసుకోవాలంటే విదేశీ పరిశోధకులు కూడా ఈ గాజు ఫలకాల వైపే చూస్తారు.

చుట్టూ ఊరు మాత్రం మారింది. షోలా అడవి, గడ్డి మైదానాలు ఉన్నచోట తుమ్మ, యూకలిప్టస్, పైన్ తోటలు పరుచుకున్నాయి. పన్నెండేళ్లకోసారి కొండంతా నీలం చేసే కురింజి 2018లో పూసింది, ఇక 2030లోనే. పాదరసంతో థర్మామీటర్లు చేసే కర్మాగారం 2001లో మూతపడినా దాని కాలుష్యం వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2011 లెక్కల్లో 36 వేలు దాటిన ఈ ఊరి మీదికి వేసవిలో వచ్చిపడే బండ్లను అదుపు చేయడానికి, మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది.

ఈసారి కొడై వెళ్లేవారు ఈ-పాస్‌తో పాటు ఒక పూట కూడా కేటాయించుకుని వేధశాల మ్యూజియం చూడండి. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇంకో విన్నపం. నూరేళ్లకు పైబడిన ఆ సూర్య చిత్రాలను డిజిటల్ రూపంలో ఎవరైనా చూడవచ్చు. ఒక పదకొండేళ్ల బొమ్మలు దించుకుని, పిల్లలచేత మచ్చలు లెక్కపెట్టించి గ్రాఫు గీయించండి. ఆ పక్కనే మీ జిల్లా వర్షపాతం గ్రాఫు కూడా గీయించి, 1877లో లాకియర్ అన్నమాట నిజమో కాదో వాళ్లనే తేల్చమనండి.