ఇంజిన్ మార్చిన బండి: ఉండుండి మొరాయించే స్టార్టింగ్ లోపం

వాహనంలో అసలు ఇంజిన్ తీసేసి మరో రకం ఇంజిన్ బిగించాక, ఒకసారి తాళం తిప్పగానే స్టార్టయి, మరోసారి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయే విద్యుత్ లోపం ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ‘సెల్ఫ్ తీసుకోవట్లేదు’ అన్న ఒక్క మాటలో దీన్నీ కలిపేస్తారు. అసలు కదలని బండిలో తప్పు పట్టడం తేలిక. షెడ్డుకు చేరేసరికి బుద్ధిగా స్టార్టయ్యే బండితోనే చిక్కు.

పెట్రోలు కంటే డీజిల్ చవకగా దొరికిన రోజుల్లో పాత పెట్రోలు జీపులకూ అంబాసిడర్లకూ డీజిల్ ఇంజిన్లు ఎక్కించడం ఆంధ్రలో మామూలు పని. విడిభాగాల సరుకుకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినా, ఇంజిన్ మారిన పాత బండ్లు ఇంకా కనిపిస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పును రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. వైరింగ్‌ను మాత్రం ఏ ఆర్సీ పుస్తకమూ పట్టించుకోదు.

ఇంజిన్‌తోపాటు దాని వైర్ల కట్ట కూడా వస్తుంది. బాడీ వైర్లు ఒక కంపెనీవి, ఇంజిన్ వైర్లు మరో కంపెనీవి, రంగులు కలవవు. రెండూ కలిసే చోట రాగి తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టేస్తారు. అందుకే ఇలాంటి బండిలో బ్యాటరీ, సెల్ఫ్ మోటారు వరసగా మార్చడం కంటే ఈ అతుకుల దగ్గర మొదలుపెట్టడం మేలు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: సెల్ఫ్ అసలు తిరగట్లేదా, తిరుగుతున్నా ఇంజిన్ అందుకోవట్లేదా?

తిరగకపోతే, మొరాయించిన ఆ క్షణంలోనే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్ అయిన సోలినాయిడ్ సన్న వైరు దగ్గర హెడ్‌లైట్ బల్బు కట్టిన టెస్ట్ ల్యాంప్ పెట్టి, పక్కవాణ్ణి తాళం తిప్పమనాలి. ఒక్క పోగు రాగి మిగిలి ఉన్నా మల్టీమీటరు 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి తెగే వైరు దానికి దొరికిపోతుంది. బల్బు మసకబారితే తప్పు ఇగ్నిషన్ స్విచ్, రిలే, వాటి మధ్య అతుకుల్లో ఉంది. గట్టిగా వెలిగినా సెల్ఫ్ కదలకపోతే లావు కేబుల్, ఎర్త్, సోలినాయిడ్, మోటారు మిగులుతాయి.

వీటిలో నా అనుమానం ముందు ఎర్త్ మీదే. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, ఛాసిస్‌తో దానికి విద్యుత్ సంబంధం ఎర్త్ పట్టీ ఒక్కటే. మార్పిడిలో ఆ పట్టీ బిగించడం మరిచినా, రంగు గీకకుండా బిగించినా, కరెంటు క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటుంది. నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాక ఆ కేబుళ్లు వేడెక్కితే అనుమానం నిజమే. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు జంపర్ కేబుల్ తగిలించి చూడాలి, దాంతో స్టార్టయితే తప్పు తేలిపోయినట్టే. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగేటప్పుడు ఓములో నూరో వంతు అడ్డు ఉన్నా రెండు వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. డీజిల్ సెల్ఫ్ ఇంకా ఎక్కువ లాగుతుంది, కాబట్టి పెట్రోలు బండి పాత సన్న కేబుల్‌ను దానికి వాడకూడదు.

సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే దారి వేరు. డీజిల్‌కు ఇంధనం ఆపే సోలినాయిడ్, పెట్రోలుకు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు ఈసీయూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా కరెంటు అందుకోవాలి. చాలా స్విచ్‌లు ఆ సమయంలో రేడియో వంటి వాటి లైనును కట్ చేస్తాయి. తొందరలో ఆ లైను నుంచే ఈసీయూకు కరెంటు ఇచ్చారంటే, సెల్ఫ్ తిరిగినంతసేపూ అది చచ్చిపడి ఉంటుంది. ఆనవాలు స్పష్టం: తాళం వదిలే క్షణంలో ఇంజిన్ ఒక్కసారి గుర్రుమంటుంది, బండి తోస్తే మాత్రం ఇట్టే స్టార్టవుతుంది.

ఎండాకాలం ఇంకో ముచ్చట. కొత్త ఇంజిన్ ఎగ్జాస్ట్ గొట్టం సెల్ఫ్ పక్కనుంచి పోతే, బండి ఆపిన పది నిమిషాలకు సెల్ఫ్ సోలినాయిడ్ ఉడికిపోతుంది. 20 డిగ్రీల నుంచి 100కు వేడెక్కిన రాగి చుట్టలో అడ్డు సుమారు 30 శాతం పెరుగుతుంది. సన్న వైరులో ముందే నష్టం ఉంటే లోపలి ప్లంజర్ కదలదు, చల్లారాక కదులుతుంది. వేడి తగలకుండా అడ్డు రేకు బిగించి, సోలినాయిడ్‌కు వేరే రిలే పెడితే చాలావరకు కుదురుకుంటుంది.

తీరప్రాంతపు గాలి సమస్యను పెంచుతుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగే బండ్లకు, ముఖ్యంగా రొయ్యల ట్రేల నుంచి ఉప్పునీరు కారే వ్యాన్లకు, వైరు పైతొడుగు కింద రాగి పచ్చబడి పొడి అవుతుంది. పైకి వైరు నిగనిగలాడుతూనే ఉంటుంది. చివర అంగుళం మేర తొడుగు ఒలిచి చూస్తేనే తెలుస్తుంది. పొలాల ఒడ్డున నిలిపిన బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లూ అరుదు కాదు.

మరమ్మతులో టేపు మెలికలు కత్తిరించి, ప్రెస్ చేసిన లగ్గులూ గ్రీజూ ష్రింక్ గొట్టమూ వేయాలి. ఆ తర్వాత సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.2, పాజిటివ్ కొననుంచి సెల్ఫ్ బోల్టు దాకా 0.5 వోల్టులకు మించి చూపకూడదు. బ్యాటరీ 9.6 వోల్టుల కంటే దిగకూడదు. బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఎండలో తిరిగి వచ్చాక మరోసారి కొలవాలి.