ఎంఎస్, ఆటోఇమ్యూన్ జబ్బులు: పథ్యం ఎంతవరకు, మందు ఎంతవరకు?

రిపోర్టులో ఎంఎస్ అని తేలిందంటే చాలు, ఇంటికి సలహాలు మొదలవుతాయి. గోధుమలు మానేయమని ఒకరు, పాలు ముట్టుకోవద్దని ఇంకొకరు, పొద్దున్నే కలోంజీ నూనె తాగమని ఖాలా, తిప్పతీగ కషాయం ఇవ్వమని పక్కింటివాళ్లు. అందరూ ప్రేమతోనే చెప్తారు. కానీ వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది, ఏది ఊరికే ఖర్చు, ఏది ప్రమాదం అన్నది ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి.

మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున మన ఒంటి మీదే దాడి చేస్తే దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్‌లో మెదడు, వెన్నుపాములోని నరాల మీదుండే మైలిన్ అనే పొర దెబ్బతింటుంది. కరెంటు వైరు మీది తొడుగు ఊడిపోయినట్టు అన్నమాట. చూపు మసకబారడం, తిమ్మిర్లు, నడకలో తూలు, లేవలేనంత అలసట దీని లక్షణాలు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, హషిమోటో థైరాయిడ్, టైప్ 1 షుగర్, సీలియాక్ కూడా ఇదే ఖాందాన్‌కి చెందినవి.

ఈ ఖాందాన్‌లో పథ్యమే మందు అయిన జబ్బు సీలియాక్. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ తగిలితే పేగు లోపలి పొర పాడవుతుంది. నెదర్లాండ్స్‌కి చెందిన డాక్టర్ డికే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకోవడం గమనించి, 1950 నాటికి దీన్ని బయటపెట్టాడు. సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్‌ని జీవితాంతం పూర్తిగా మానాలి. మన ఇళ్లలో ఇది కష్టమే. హలీంలో గోధుమ, షీర్ ఖుర్మాలో సేమియా, లుఖ్మీలో మైదా, తల్బీనాలో బార్లీ. అంగట్లో దొరికే ఇంగువ పొడిలో కూడా చాలావరకు గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదువుకోవాలి. అన్నం, జొన్నరొట్టె, ఇడ్లీ, బియ్యంతో చేసిన ఫిర్నీకి మాత్రం ఇబ్బంది లేదు. ఒక జాగ్రత్త: అనుమానం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు.

ఎంఎస్ సంగతి వేరు. అమెరికన్ న్యూరాలజిస్ట్ రాయ్ స్వాంక్ 1940ల చివర్లో కెనడాలోని మాంట్రియల్‌లో, నెయ్యి, వెన్న, కొవ్వు మాంసం బాగా తగ్గించే పథ్యం మొదలుపెట్టాడు. 144 మందిని 34 ఏళ్లు గమనించి 1990లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు రాశాడు. రోజుకి 20 గ్రాముల లోపు సంతృప్త కొవ్వు తిన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారన్నాడు. (ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే 8 గ్రాముల దాకా ఉంటుంది.) కానీ పోల్చి చూడటానికి వేరే గుంపును పెట్టలేదు. పథ్యం వల్ల బాగున్నారా, బాగున్నవాళ్లే పథ్యం నిలబెట్టుకోగలిగారా? దీనికి ఆ లెక్కల్లో జవాబు లేదు.

అమెరికాలోని అయోవాకి చెందిన డాక్టర్ టెర్రీ వాల్స్ కథ ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది. ఎంఎస్‌తో వీల్‌చెయిర్ దాకా వెళ్లి, ఆకుకూరలు, మాంసం ఎక్కువగా ఉన్న తిండితో మళ్లీ నడిచారు. ఆమె కండరాలకి కరెంటు ప్రేరణ, వ్యాయామం కూడా చేశారన్న సంగతి మాత్రం వీడియోల్లో తక్కువ వినిపిస్తుంది. స్వాంక్, వాల్స్ పథ్యాలు రెండిటినీ పోల్చిన పరీక్ష 2021లో వచ్చింది. రెండు గుంపుల్లోనూ అలసట తగ్గింది. 2023లో 12 పరీక్షల్ని కలిపి చూస్తే, మొత్తం 608 మందిలో, మధ్యధరా తరహా తిండి, పేలియో తిండి అలసట తగ్గించడంలో ముందున్నాయి. పరీక్షలన్నీ చిన్నవే. ఏ పథ్యమూ ఎంఎస్ మందుకి బదులు అని ఇంతవరకు రుజువు కాలేదు.

నా ఉద్దేశంలో ధాన్యాలు, పప్పులు, పాలు, గుడ్లు అన్నీ మాన్పించే పథ్యం మన మామూలు ఇంటికి చాలా బరువు. అన్నం, దాల్, పెరుగు తీసేస్తే పళ్లెంలో మిగిలేదేంటి? మధ్యధరా తిండి అంటే ఖరీదైన ఆలివ్ నూనె సీసాయే అనుకోవక్కర్లేదు. ఖట్టీ దాల్, ఆకుకూరలు, చేపల పులుసు, పల్లీలు, పండ్లు ఆ దారిలోవే. బిర్యానీ, నిహారీ దావత్‌లకి ఉంచి, రోజూ నెయ్యి, డాల్డా తగ్గిస్తే గుండెకీ మంచిదే.

భయపడాల్సింది "ఇమ్యూనిటీ పెంచే" పొడుల గురించి. ఈ జబ్బుల్లో ఇమ్యూనిటీ తక్కువై కాదు, దారి తప్పి బాధ పెడుతోంది. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. 2022లో 13 ఆస్పత్రుల నుంచి 43 కేసులతో ఇంకో నివేదిక వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. అయినా టెరిఫ్లునోమైడ్, ఇంటర్‌ఫెరాన్ లాంటి ఎంఎస్ మందులే కాలేయం మీద ప్రభావం చూపగలవు. దాని మీద ఇంకో బరువు ఎందుకు? కలోంజీ కూరలో, రొట్టె మీద చల్లుకుంటే సరే. నూనె క్యాప్సూల్స్ అయితే డాక్టర్‌కి చెప్పి వాడాలి. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపిస్తాయి, ల్యాబ్‌లో తప్పక చెప్పండి.

విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. డాక్టర్ రాస్తే తీసుకోవాల్సిందే. అయితే 60,000 యూనిట్ల సాషే మామూలుగా వారానికి ఒకటే రాస్తారు. రోజుకొకటి చొప్పున తాగేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ పాడవుతుంది.

ఇక రోజా. ఖురాన్‌లో సూరా బఖరా 184, 185 ఆయతులు జబ్బు ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చాయి. తర్వాత ఖజా చేయాలా, ఫిద్యా ఇవ్వాలా అన్నది మీ ఆలిమ్‌ని అడగండి. ఉండగలరా లేదా అన్నది మాత్రం న్యూరాలజిస్ట్‌ని అడగండి, అదీ రంజాన్‌కి నెల ముందే. జబ్బు తేలికగా, నిలకడగా ఉంటే కొందరికి వీలు పడుతుంది. కొత్తగా అటాక్ వచ్చి స్టెరాయిడ్ సెలైన్ ఎక్కుతున్నప్పుడు పట్టుబట్టకండి. డైమిథైల్ ఫ్యూమరేట్ రోజుకి రెండుసార్ల మందు, తిండితో వేసుకుంటే కడుపు మంట, ఒళ్లు ఎర్రబడటం తగ్గుతాయి. సెహరీకి ఒకటి, ఇఫ్తార్‌కి ఒకటి సరిపోతుందేమో డాక్టర్‌ని అడగొచ్చు. ఎండ వేడికి ఎంఎస్ లక్షణాలు కాసేపు ఎక్కువవుతాయి, చల్లబడితే తగ్గుతాయి, అందుకే మధ్యాహ్నం బయట పనులు పెట్టుకోకండి. మూత్రం ఆగదన్న భయంతో చాలామంది నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తాయి. ఇఫ్తార్ నుంచి సెహరీ దాకా నీళ్లు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా, గంటకో గ్లాసు చొప్పున తాగాలి.