థర్మోస్టాట్ పరీక్ష (తొలినాటి మోటారు కార్లు)

మోటారు కారు ఇంజనును చల్లబరిచే నీటి ప్రవాహాన్ని, ఆ నీటి ఉష్ణోగ్రతను బట్టి తనంతట తానే నియంత్రించే కవాటాన్ని థర్మోస్టాట్ అంటారు. ఇంజను మితిమీరి వేడెక్కినా, తగినంత వేడెక్కకపోయినా దానికి హాని కలుగుతుంది. అందువలన ఈ కవాటం సరైన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకొనుచున్నదో లేదో పరీక్షించడం పాతకాలపు కార్ల మరమ్మత్తులో ముఖ్యమైన పని.

నేపథ్యం

1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ కార్లలో థర్మోస్టాట్ లేదు. మొట్టమొదటి కార్లను మినహాయిస్తే వీటిలో నీటి పంపు కూడా లేదు. వేడెక్కి తేలికైన నీరు పైకి పోయి, రేడియేటరులో చల్లబడి, తిరిగి క్రిందికి దిగేది. ఈ పద్ధతిని థర్మోసైఫన్ అంటారు. 1910వ దశకంలో అమెరికాలో రేడియేటరు మూతపై అమర్చే బాయిస్ మోటోమీటరు ప్రచారంలోకి వచ్చింది. ఇది ఉష్ణోగ్రతను డ్రైవరుకు చూపేది గాని నీటిని నియంత్రించేది కాదు. 1914లో వెలువడిన కాడిలాక్ వి-8 కారులో థర్మోస్టాట్ నియంత్రణ ప్రవేశపెట్టారు.

నిర్మాణం

తొలి థర్మోస్టాట్‌లలో ముడతలు గల పలుచని లోహపు తిత్తి, దానిలో త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉండేవి. వేడికి ద్రవం ఆవిరై, తిత్తి సాగి, కవాటాన్ని తెరుస్తుంది. చల్లబడగానే తిత్తి ముడుచుకొని కవాటం మూసుకుంటుంది.

పరీక్షించే పద్ధతి

* ముందుగా చల్లని స్థితిలో కవాటం పూర్తిగా మూసుకొని ఉన్నదో లేదో చూడాలి.
* కవాటం అంచున దారాన్ని ఇరికించి, థర్మోస్టాట్‌ను నీళ్ళ గిన్నెలో వేలాడదీయాలి. అదిగాని, థర్మామీటరుగాని గిన్నె అడుగుకు తగలరాదు. అడుగుభాగం నీటికంటె వేడిగా ఉండడం వలన కొలత తప్పుతుంది.
* నీటిని కలుపుతూ నెమ్మదిగా కాచాలి. కవాటం తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ క్రింద పడుతుంది. అప్పటి ఉష్ణోగ్రత, పరికరంపై ముద్రించిన అంకెకు దగ్గరగా ఉండాలి.
* నీరు మరింత వేడెక్కినప్పుడు కవాటం పూర్తిగా తెరుచుకోవాలి, చల్లారినప్పుడు తిరిగి మూసుకోవాలి.

ఫలితాల వివరణ

తిత్తికి చిల్లు పడితే చాలా రకాలలో కవాటం తెరుచుకొనే ఉండిపోతుంది. అప్పుడు ఇంజను వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది; పూర్తిగా మండని పెట్రోలు సిలిండరు గోడల వెంట దిగి కందెన నూనెను పలుచన చేస్తుంది. మరుగుతున్న నీటిలోకూడా తెరుచుకోని కవాటాన్ని తిరిగి అమర్చరాదు. దానితో నడిపితే నీరు ఇంజనులోనే మరిగిపోతుంది.

ముద్రించిన అంకె ఆ కారుకు తగినదై ఉండడం కూడా అవసరం. శీతల దేశాలలో నీరు గడ్డకట్టకుండా కలిపే ఆల్కహాలు త్వరగా ఆవిరైపోతుంది. కనుక అటువంటి కార్లకు సుమారు 71 డిగ్రీల సెల్సియస్ వద్ద తెరుచుకొనే థర్మోస్టాట్ వాడేవారు. ఇథిలీన్ గ్లైకాల్ వాడకం వచ్చాక సుమారు 82 డిగ్రీలవి వాడడం సాధ్యమైంది.

తరువాతి పరిణామం

1930వ దశకంలో సెర్జియస్ వెర్నెట్ మైనంతో పనిచేసే థర్మోస్టాట్‌ను రూపొందించాడు. రేడియేటరులోని పీడనం తిత్తి కదలికను మార్చగలదు. మైనపు రకంపై ఆ ప్రభావం బహు స్వల్పం. అయితే ఇది చెడితే తరచు మూసుకొనే ఉండిపోతుంది కనుక దీనికి కూడా వేడినీటి పరీక్ష అవసరమే.