లోతు 180 అడుగులు, పొడవు 231

1920 సెప్టెంబరు 1, మధ్యాహ్నం రెండు గంటల వేళ. అమెరికా తూర్పు తీరంలో డెలావేర్ అఖాతం ముఖద్వారానికి 55 మైళ్ల దూరాన ఎస్-5 జలాంతర్గామి మునకకు సిద్ధమైంది. అది మామూలు మునక కాదు, శత్రువు కంటపడితే క్షణాల్లో మాయమయ్యేందుకు వేసే మునక. నేవీలో చేరి ఆర్నెల్లయినా కాని కొత్త పడవ అది. ఊరూరా జనానికి చూపించి కుర్రాళ్లను నేవీలోకి ఆకర్షించాలని బోస్టన్ నుంచి బాల్టిమోర్‌కు పంపారు. మునక పరీక్ష దారిలో పెట్టుకున్న పని.

ఆనాటి జలాంతర్గామి నీటిపైన ఉన్నంతసేపూ డీజిల్ ఇంజన్లతో నడిచేది. ఇంజన్లకు గాలి కావాలి. ఆ గాలి లోపలికి వచ్చే పెద్ద గొట్టానికి ఒక వాల్వు ఉంటుంది. ఇంజన్లు తిరుగుతుండగా దాన్ని మూస్తే అవి సిబ్బంది పీల్చే గాలినే లాగేస్తాయి. అందుకని ఇంజన్లు ఆగేదాకా ఆగి, పడవ నీళ్లలోకి దిగేలోపు మూసేయాలి. మధ్యలో దొరికేది కొన్ని సెకన్లే. ఆ రోజు వాల్వు దగ్గరున్న అనుభవజ్ఞుడి దృష్టి క్షణకాలం వేరే పని మీదికి మళ్లింది. తేరుకుని పిడిని బలంగా లాగేసరికి అది కాస్తా ఇరుక్కుపోయింది.

సముద్రం లోపలికి దూకింది. మిగతా గదుల్లోని వాల్వులను ఎలాగో మూయగలిగారు కానీ ముందువైపు టార్పెడో గది నిండిపోయింది. పడవ ముక్కు బరువెక్కి దాదాపు 180 అడుగుల లోతున అడుగుకు ఆనింది. లోపల 40 మంది దాకా ఉన్నారు. నీళ్లు తోడబోతే పంపు గొట్టంలో గాస్కెట్ ఎగిరిపోయింది. సాయం అడిగే దారి లేదు. వాళ్లు మునిగిన సంగతే ఎవరికీ తెలియదు.

కెప్టెన్ చార్లెస్ కుక్ అప్పుడు చేసిన ఆలోచన వింటే చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. సముద్రం లోతు 180 అడుగులు, పడవ పొడవు 231 అడుగులు. ముక్కు అడుగునే ఉండనిచ్చి తోకను పైకి లేపితే కొంతభాగం నీటిపైకి తేలాలి కదా! వెనక ట్యాంకుల్లోని నీటిని గాలితో బయటికి నెట్టమన్నాడు. తోక లేచింది, అనుకున్నదానికంటే చాలా వేగంగా.

విశాఖ బీచ్‌లో కుర్సుర జలాంతర్గామి మ్యూజియం లోపల తల వంచుకుని నడిచినవాళ్లకు ఆ ఇరుకు తెలుసు. అలాంటి గొట్టాన్ని దాదాపు 60 డిగ్రీలు ఎత్తి నిలబెట్టారనుకోండి. నేల గోడయింది, గోడలోని తలుపు నేలలో గొయ్యి అయింది. మనుషులు, సామాన్లు, లోపల చేరిన నీళ్లు అన్నీ కిందికి జారాయి. ఉప్పునీళ్లు బ్యాటరీలను తాకగానే క్లోరిన్ వాయువు పుట్టింది. సిబ్బంది ఒకరినొకరు లాక్కుంటూ వెనక గదుల్లోకి ఎగబాకి కింద తలుపు బిగించుకున్నారు.

తోక నీళ్లు దాటిందో లేదో ఎలా తెలియాలి? ఉక్కు గోడను లోపలినుంచి తట్టి చూశారు. నీళ్లున్నచోట ఒక మోత, గాలి ఉన్నచోట మరో మోత. 17 అడుగుల మేర బయట ఉందని అంచనాకు వచ్చారు. ఇక మిగిలింది ముప్పావు అంగుళం మందం ఉక్కు. దానికి తగిన పనిముట్లు మాత్రం లేవు. చీకట్లో, చెడిపోయిన గాలిలో, వంతులవారీగా బరమా తిప్పారు. ఒక బెజ్జం, పక్కనే ఇంకొకటి, వాటి మధ్య ఉక్కును చెక్కడం. రాత్రంతా, మర్నాడు కూడా అదే పని. తయారైంది చెయ్యి కూడా సరిగా దూరని కంత. అందులోంచి ఒక సన్నటి గొట్టాన్ని బయటికి తోసి, దాని చివర ఓ నావికుడి తెల్ల బనియను కట్టి ఊపారు.

2వ తేదీ మధ్యాహ్నం అటుగా వెళ్తున్న అలాంథస్ అనే సరుకు ఓడ కెప్టెన్ జాన్సన్, బోయా ఉండకూడని చోట బోయాలాంటిదేదో ఉందేమిటా అని ఓడను మళ్లించాడు. దగ్గరికొచ్చి ఆయన అడిగిన ప్రశ్నలు, లోపలినుంచి కుక్ చెప్పిన జవాబులు అమెరికా నావికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ ఓడ? ఎస్-5. ఏ దేశం? అమెరికా. ఎక్కడికి ప్రయాణం? దిక్సూచి ప్రకారం నరకానికి! ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషికి ఆ వెటకారం ఎలా వచ్చిందో మరి.

అలాంథస్ ఆ పడవ తోకకు తాళ్లు వేసి పట్టి ఉంచింది, లోపలికి గాలి, మంచినీళ్లు అందించింది. ఉక్కు కోసే సరంజామా దానిలో లేదు, వైర్‌లెస్ పంపే మనిషీ లేడు. జెండాలు ఎగరేసి, అటు వెళ్తున్న జనరల్ గోథల్స్ అనే ఓడను ఆపింది. అందులోని చీఫ్ ఇంజనీరు విలియం గ్రేస్, తన సహాయకుడితో వచ్చి రాచెట్ బరమాతో తోక మీద వలయాకారంలో బెజ్జాలు వేయడం మొదలుపెట్టాడు. గంటల తరబడి చేత్తో తిప్పిన పనే అదంతా. 3వ తేదీ తెల్లవారుజామున ఉక్కు పలక ఊడింది. ఒక్కొక్కరే బయటికి వచ్చారు, అందరికంటే చివర కుక్. మునిగిన 37 గంటల తర్వాత అందరూ బయటపడ్డారు, ఒక్క ప్రాణం కూడా పోలేదు.

పడవే దక్కలేదు. ఒహాయో యుద్ధనౌక తీరం వైపు లాక్కెళ్తుంటే తాడు తెగి మళ్లీ మునిగింది. పైకి తీసే ప్రయత్నాలను మరుసటి ఏడాది వదిలేశారు. 2001లో ఒక అమెరికా సర్వే నౌక దాని జాడ పట్టుకుంది. పడవ పోయినా కుక్ కొలువుకు ఢోకా రాలేదు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిననాడు పెన్సిల్వేనియా యుద్ధనౌకకు కెప్టెన్ ఆయనే, తర్వాత అడ్మిరల్ కూడా అయ్యాడు.

ఆయన తెలివిని తక్కువ చేయడం కాదుగానీ, అడుగు ఇంకో వంద అడుగుల కింద ఉండుంటే ఆ తెలివికి పని ఉండేది కాదు. నౌకాదళం రక్షణ సాధనాలను నిజంగా పట్టించుకున్నది 1927 తర్వాతే. ఆ ఏడాది ఎస్-4 అనే జలాంతర్గామి మునిగి 40 మంది చనిపోయారు. వారిలో ఆరుగురు టార్పెడో గదిలో బతికే ఉండి గోడను తడుతూ సందేశాలు పంపారు, పైవాళ్లు చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ తర్వాతే గంట ఆకారంలో దిగే రక్షణ గది తయారైంది. 1939 మే నెలలో స్క్వాలస్ అనే జలాంతర్గామి 240 అడుగుల లోతుకు పోయినప్పుడు 33 మందిని పైకి తెచ్చింది అదే. ఇంజన్లకు గాలి అందించే వాల్వు మునిగేటప్పుడు తెరుచుకునే ఉండటం వల్లే ఆ పడవ కూడా మునిగింది. అన్నీ మూసుకున్నాయని బోర్డు మీద దీపాలు పచ్చగా చూపిస్తుండగానే నీళ్లు వెనక గదుల్లోకి వచ్చాయి. అక్కడున్న 26 మంది చనిపోయారు.